మీ పేరున్న ప్రతి లైనుకూ మీదే పూచీ

(విశ్వవిద్యాలయ ప్రోగ్రామింగ్ ప్రవేశ కోర్సు తొలి తరగతిలో బోధకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరూ కూర్చున్నారా? తలుపు దగ్గర నిలబడినవారు ముందుకు రండి. మొదటి రెండు వరుసలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

కోర్సు నియమాల పత్రం మీ అందరికీ అందింది. దాన్ని ఇక్కడ చదివి వినిపించను, చదవడం మీకు వచ్చు. ఏ నియమం ఎందుకు పెట్టామో ఆ పత్రంలో రాయలేదు. ఈ గంట దానికోసం. అన్ని నియమాలకూ సమానంగా సమయం ఇవ్వను. హాజరు గురించి ఒక్క మాట చాలు: ల్యాబ్‌కు హాజరు తప్పనిసరి, ఉపన్యాసానికి కాదు. ప్రోగ్రామింగ్ వింటే రాదు, కూర్చుని రాస్తేనే వస్తుంది. ఉపన్యాసాలిచ్చే మనిషి చెప్పవలసిన మాట కాదనుకోండి. (నవ్వులు)

మార్కుల లెక్క కూడా త్వరగా చెప్పేస్తాను. అసైన్‌మెంట్లకు 40, వైవాకు 15, పరీక్షలకు 45. పరీక్షల్లో ఆ 45కు కనీసం 18 రాకపోతే, మిగతా వాటిలో ఎన్ని వచ్చినా కోర్సు తప్పినట్టే. ఈ చివరి షరతు చూసి కొందరు మొహం ముడుచుకున్నారు. దాని సంగతికి కాసేపట్లో వస్తాను.

ముందు గడువులు. కన్నీళ్లు ఎక్కువగా పెట్టుకునేది అక్కడే. వ్యాసం రాసే విద్యార్థి సగం పని చేస్తే చేతిలో సగం వ్యాసం ఉంటుంది. సగం అయిన ప్రోగ్రామ్ సగం కట్టిన వంతెన వంటిది, దాని మీద ఎవరూ సగం దూరమైనా వెళ్లరు. దానికి తోడు, ఇంకా ఎంత పని మిగిలిందో మీకే తెలియదు. యాభై లైన్లు గంటలో రాసేసి, వాటిలో ఒక్క లైను తప్పు కోసం మూడు గంటలు వెతకడం ఈ పనిలో మామూలే. ఏళ్ల తరబడి ఇదే వృత్తిలో ఉన్నవారికీ అది తప్పదు. వారికి మీకన్నా వెతకడం బాగా తెలుసు, అంతే.

అందుకే ప్రతి అసైన్‌మెంటుకూ పది రోజులిస్తున్నాం. అది పది రోజుల పని కాదు. మూడో రోజున ఎక్కడైనా ఇరుక్కుంటే, అడిగి తెలుసుకోవడానికి ఇంకో ఏడు రోజులుండాలని. తొమ్మిదో రోజు రాత్రి మొదలుపెట్టినవారికి ఇరుక్కోవడానికి తీరిక ఉండదు. ఆ తీరిక లేనివారే పక్కవారి ఫైలు అడుగుతారు. నేను చూసినంతలో, కాపీ కేసులు చాలావరకు దుర్బుద్ధితో మొదలైనవి కావు, ఆలస్యంతో మొదలైనవి. గడువుకు వారం ముందు ఎవరూ ఎవరి కోడూ దొంగిలించరు.

అయినా జీవితం మన టైంటేబుల్ ప్రకారం నడవదు. అందుకని సెమిస్టర్ మొత్తానికి ప్రతి ఒక్కరికీ ఐదు ఆలస్యపు రోజులిస్తున్నాం. ఇష్టమొచ్చినప్పుడు వాడుకోండి, కారణం చెప్పనక్కర్లేదు. కారణాలు వినడం నాకు ఇష్టం లేక కాదు. ఎవరి కారణం గొప్పది, ఎవరిది చిన్నది అని తూకం వేసే పని నాకు వద్దు. ఆ తూకంలో ఎప్పుడూ బాగా మాట్లాడగలిగినవారే గెలుస్తారు. ఒక అసైన్‌మెంటుకు రెండు రోజులకు మించి వాడకూడదు, ఎందుకంటే ఆ తర్వాతి ఉదయం జవాబులను తరగతిలో చర్చిస్తాం. ఐదూ అయిపోయాక గడువు దాటిన ఫైలును వ్యవస్థ తీసుకోదు. తీవ్రమైన అనారోగ్యం, ఇంట్లో విపత్తు, వైకల్యం వల్ల అదనపు సమయం అవసరం కావడం వంటివి ఈ లెక్కలోకి రావు. వాటికి వేరే దారి ఉంది, నేరుగా నాతో మాట్లాడండి. ల్యాప్‌టాప్ పాడవడం మాత్రం విపత్తు కిందికి రాదు. మొదటి ల్యాబ్‌లోనే మీకు గిట్ నేర్పుతాం. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ చరిత్రగా దాచిపెట్టే పనిముట్టు అది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ పనికోసం తయారుచేశారు. ఈరోజు సాఫ్ట్‌వేర్ రాసేవారిలో దాదాపు అందరూ వాడతారు. రోజు పని ముగియగానే మార్పులను కోర్సు సర్వరుకు పంపిస్తే మీ ల్యాప్‌టాప్ ఏమైనా పని ఎక్కడికీ పోదు. గిట్ వల్ల ఇంకో లాభమూ ఉంది. ఎవరైనా మీ మీద కాపీ ఆరోపణ చేస్తే, మీ ప్రోగ్రామ్ తప్పటడుగుల నుంచి ఎలా పెరిగిందో ఆ చరిత్రంతా మీ తరఫున సాక్ష్యం చెబుతుంది. ఒకేసారి నూట యాభై లైన్లు ఏ తప్పూ లేకుండా ఊడిపడిన ఫైలుకు అటువంటి సాక్షి ఉండడు.

ఇక దిద్దడం. ప్రతి అసైన్‌మెంటుతో పాటు కొన్ని నమూనా పరీక్షలిస్తాం, అంటే ప్రోగ్రామ్‌కు ఏమిస్తే ఏమి రావాలో చూపే ఉదాహరణలు. మీ ప్రోగ్రామ్ వాటిని దాటిందా లేదా అని మీరే చూసుకోవచ్చు. మార్కులు వేసేటప్పుడు మాత్రం మీకు చూపించని పరీక్షలు మరికొన్ని నడుపుతాం. ‘దాచిన పరీక్షలు అన్యాయం’ అనే ఫిర్యాదు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తుంది. దీని మీద కాస్త ఎక్కువ సేపే మాట్లాడతాను.

బైనరీ సెర్చ్ గురించి కొందరు వినే ఉంటారు. వరుసగా అమర్చిన జాబితాలో ఒక విలువను వెతకడానికి, ప్రతిసారీ మధ్యలో ఉన్నదాన్ని చూసి సగం జాబితాను పక్కన పెట్టడం. మధ్య స్థానం కావాలంటే మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కలిపి రెండుతో భాగిస్తాం. ఇందులో తప్పెక్కడుంటుంది? జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే లైబ్రరీలో, అంటే అందరూ వాడుకునే సిద్ధమైన కోడ్‌లో కూడా, ఇలాగే రాశారు. అది దాదాపు తొమ్మిదేళ్లు అలాగే ఉండిపోయింది. చివరికి తప్పు దొరికింది. 2006లో జాషువా బ్లాక్ దాని గురించి బహిరంగంగా రాశారు. ఆ కోడ్ రాసినవారు ఆయనే. సంగతేమిటంటే, జావాలో మామూలు పూర్ణసంఖ్య 2,147,483,647 దాటలేదు. జాబితాలో వంద కోట్లకు పైగా అంశాలున్నప్పుడు ఆ రెండు స్థానాల మొత్తం ఈ హద్దు దాటవచ్చు. దాటగానే అది రుణసంఖ్యగా మారిపోతుంది, ప్రోగ్రామ్ కూలిపోతుంది. కోడ్ మొదట రాసిన రోజుల్లో అంత పెద్ద జాబితాలు ఎవరి దగ్గరా లేవు. కాబట్టి పరీక్షలన్నీ దాటింది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతంలోనే హెచ్చరించారు, పరీక్షలు తప్పు ఉందని చూపగలవు గానీ లేదని ఎప్పటికీ చూపలేవని.

మీ చేతిలోని నమూనా పరీక్షలు దాటడమే లక్ష్యంగా పెట్టుకుంటే, మీరు ఆ నాలుగు ప్రశ్నలకు సరిపోయే ప్రోగ్రామ్ రాస్తారు. అడిగిన పని చేసే ప్రోగ్రామ్ రాయరు. ఖాళీ జాబితా వస్తే? ఒకే అంశం ఉంటే? అన్నీ సమానమైతే? రుణసంఖ్య ఇస్తే? ఈ ప్రశ్నలు మీరే వేసుకోవడం ఈ కోర్సులో నేర్చుకోవలసిన పనుల్లో ఒకటి. ఆ పని మీ బదులు మేమే చేసి కాగితం మీద పెట్టి ఇస్తే, నేర్చుకోవడానికి మిగిలేది టైపింగ్.

ఇందులో ఒక చిన్న చిక్కు ముందే చెబుతాను, లేకపోతే రెండో వారం అందరూ నా గది ముందు వరుస కడతారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్‌కు లెక్కలు రావని అనుకోకండి. ఒకటిని మూడుతో భాగిస్తే దశాంశాల్లో ఎలా తెగదో, 0.1 అలాగే కంప్యూటర్ వాడే ద్విసంఖ్యా పద్ధతిలో, అంటే 0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలో, తెగదు. యంత్రం దగ్గర ఉన్న బిట్లు, అంటే ఆ అంకెల స్థానాలు, పరిమితం కాబట్టి ఒక చోట ఆపేస్తుంది. మా పరీక్షలు అంత సూక్ష్మమైన తేడాను పట్టించుకోవు. మీరు మీ కోడ్‌లో రెండు దశాంశ సంఖ్యలు అచ్చంగా సమానమా అని పోల్చితే మాత్రం, దాని పర్యవసానం మీదే.

కోర్సు సర్వరులో అసలు నడవని ప్రోగ్రామ్‌కు ఈ అసైన్‌మెంట్ పరీక్షల మార్కులు రావు. ‘నా కంప్యూటర్‌లో నడిచింది మేడం’ అంటారు. నడిచే ఉంటుంది, నేను కాదనను. మీ కంప్యూటర్‌ను పంపిణీ చేయలేం కదా. (నవ్వులు) సమర్పించే ముందు సర్వరులో ఒకసారి నడిపి చూడండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: ఎవరి సాయం తీసుకోవచ్చు, ఎంతవరకు.

మాట్లాడుకోవచ్చు. ఒక సమస్యను ఎలా విడగొట్టాలో బోర్డు మీద బొమ్మలు వేసుకుని గంటల తరబడి చర్చించుకోవచ్చు. ఆ చర్చ నుంచి ఖాళీ చేతులతో లేచి రావాలి. రాసుకున్న కాగితాలు, తీసిన ఫోటోలు ఏవీ వెంట తెచ్చుకోకూడదు. అరగంట వేరే పని చేసుకుని, అప్పుడు ఒంటరిగా కూర్చుని రాయండి. తలలో నిలిచింది మీది. నిలవకపోతే, చర్చలో అర్థమైనట్టు అనిపించిందే తప్ప అర్థం కాలేదన్నమాట. అది ఆ రోజే తెలియడం మంచిది. స్నేహితురాలి ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడానికి సాయపడవచ్చా? మీ పని పూర్తి చేసి సమర్పించాక సాయపడవచ్చు. అప్పుడు కూడా ఆమె కీబోర్డు మీద మీ చేయి పడకూడదు, మీ ఫైలు ఆమె తెర మీద కనిపించకూడదు. చెప్పండి, చేసి పెట్టకండి.

సమర్పించిన ఫైళ్లన్నింటినీ, గత సంవత్సరాల ఫైళ్లతో సహా, మాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పోలుస్తాం. దాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేశారు. ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి. అది ఎలా పనిచేస్తుందో దాచవలసిన అవసరం లేదు, దాని అల్గారిథమ్‌ను, అంటే అది అనుసరించే పద్ధతిని, 2003లో ప్రచురించారు కూడా. ముందుగా ఖాళీలు, వేరియబుల్ పేర్లు వంటి పైపై తేడాలను చెరిపేస్తుంది. మిగిలిన కోడ్‌ను చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని ఒక్కో ముక్కకు ఒక్కో సంఖ్య కడుతుంది. వాటిలో కొన్నింటిని ఎంచుకుని ఆ ఫైలుకు వేలిముద్రలుగా ఉంచుతుంది. రెండు ఫైళ్ల వేలిముద్రలు ఎక్కువగా కలిస్తే మాకు చూపిస్తుంది. కాబట్టి పేర్లు మార్చడం, వ్యాఖ్యలు తిరగరాయడం, ఫంక్షన్ల, అంటే ఒక్కో పని చేసే భాగాల, వరుస అటూ ఇటూ చేయడం వల్ల ప్రయోజనం లేదు. వాటన్నింటి తర్వాత కూడా దొరకకుండా మార్చగలిగేంత నేర్పు మీకుంటే, అసైన్‌మెంట్ మీరే రాసేయవచ్చు, తక్కువ శ్రమతో అయిపోతుంది.

మాస్ ఎవరినీ దోషిగా తేల్చదు. అది పోలిక చూపిస్తుంది, నిర్ణయం మనుషులది. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చదివి, ఆ ఇద్దరితోనూ మాట్లాడి, అప్పుడే ఒక మాటకు వస్తాం. అయిదు లైన్ల ఫంక్షన్ అందరిదీ ఒకేలా ఉంటుందని మాకూ తెలుసు. రుజువైతే ఆ అసైన్‌మెంటుకు సున్నా, రెండోసారి అయితే కోర్సు తప్పినట్టే, కేసు క్రమశిక్షణ సంఘానికి వెళుతుంది. ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ శిక్ష ఒక్కటే. ఇది కొందరికి కఠినంగా తోస్తుంది. ఫైలు ఇచ్చినవారు మంచితనంతో ఇచ్చి ఉండవచ్చు. అయితే ఆ మంచితనం వల్ల ఎదుటివారు పోగొట్టుకున్నది ఏమిటో వారికి పరీక్ష గదిలో గానీ తెలియదు.

హార్వర్డ్‌లో ప్రోగ్రామింగ్ ప్రవేశ కోర్సు నడిపేవారు 2014లో ఒక నియమం తెచ్చారు. తప్పు చేసినవారు 72 గంటల్లోగా తామే వచ్చి చెప్పుకుంటే, కోర్సు స్థాయిలో ఆ పనికి మార్కులు తగ్గించవచ్చు గానీ కేసు క్రమశిక్షణ సంఘం దాకా తీసుకెళ్లరు. అది నాకు తెలివైన నియమంగా తోచింది, మనం కూడా పాటిస్తున్నాం. రాత్రి రెండు గంటలకు అలసటలో చేసిన పనిని పగటి వెలుగులో సరిదిద్దుకునే వీలు మనిషికి ఉండాలి.

మీలో ఒకరు అడగబోతున్నారు, ముందే చెబుతాను: వృత్తిలో అందరూ ఇతరుల కోడ్ వాడతారు కదా? వాడతారు, వాడకపోతే పని జరగదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో ఏమైందో విన్నారా? బయలుదేరిన దాదాపు 40 సెకన్లకే పేలిపోయింది. దాని దిశను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను పాత రాకెట్ ఏరియాన్ 4 నుంచి యథాతథంగా తెచ్చుకున్నారు. అందులో ఒక చోట 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే లైను ఉంది. 16 బిట్లలో 32,767 దాటితే పట్టదు. పాత రాకెట్ ప్రయాణంలో ఆ విలువ అంత పెరిగేది కాదు, కొత్త రాకెట్ వేగం వేరు. విలువ హద్దు దాటింది, పరికరం ఆగిపోయింది. ఇటువంటి ప్రమాదం కోసమే పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్, కాబట్టి అదీ ఆగింది. పైగా ఆ లెక్క రాకెట్ నేల విడిచాక కొత్త రాకెట్‌కు అవసరమే లేదు. అక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు, సొంత కోడే తెచ్చుకున్నారు. అది ఏ షరతుల మీద సరైనదో మళ్లీ ఎవరూ అడగలేదు. ఇతరుల కోడ్ వాడాలంటే ఆ ప్రశ్న అడగడం రావాలి. అది మీకు ఇంకా రాదు, అందుకే ఇక్కడికి వచ్చారు.

ఇంతవరకు మనుషుల సంగతి. ఇక కృత్రిమ మేధ. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ కోర్సు అసైన్‌మెంట్లను అడగ్గానే రాసి ఇచ్చే పనిముట్లు మీ జేబుల్లోనే ఉన్నాయి. అవి లేనట్టు నటించే నియమం నేను పెట్టను. మొదటి ఎనిమిది వారాలూ వాటి చేత కోడ్ రాయించకూడదు. ఎర్రర్ సందేశం అర్థం కాకపోతే దాని భావం అడగవచ్చు. అసైన్‌మెంట్ ప్రశ్నను అందులో పెట్టకూడదు. తొమ్మిదో వారం నుంచి ప్రాజెక్టులో వాడుకోవచ్చు, ఏ భాగానికి వాడారో, వచ్చినదాంట్లో ఏమి మార్చారో ఒక పేజీలో రాసి ఇవ్వాలి.

ఎనిమిది వారాల నిషేధం ఎందుకు? మీరు రాసే ప్రోగ్రామ్‌లు నాకు అక్కర్లేదు. సగటు కనుక్కునే ఫంక్షన్ కోసం ఈ విశ్వవిద్యాలయం ఎదురుచూడటం లేదు. మార్కులు వేశాక ఆ ఫైళ్లను మళ్లీ ఎవరూ నడపరు. వాటిని రాస్తున్నప్పుడు మీ తలలో జరిగేదే మాకు కావాలి. ఆ సగటునే తీసుకోండి. అడిగితే యంత్రం మొత్తాన్ని సంఖ్యతో భాగించే లైను ఇస్తుంది, చూడటానికి చక్కగా ఉంటుంది. ఖాళీ జాబితా వస్తే సున్నాతో భాగించవలసి వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఆ ఎర్రర్ ఒకసారి తన చేతుల మీదుగా తెచ్చుకుని తల పట్టుకున్నవారికి ఆ లైను చూడగానే అనుమానం వస్తుంది. తెచ్చుకోనివారికి రాదు. యంత్రం ఇచ్చిన కోడ్‌ను సరిచూడగల చూపు, సొంతంగా తప్పులు రాసి సరిదిద్దుకున్నవారికే అబ్బుతుంది.

కృత్రిమ మేధ రాసిందా మనిషి రాశారా అని కనిపెడతామనే సాఫ్ట్‌వేర్లను మేం వాడం. వాటి మాట నమ్మి ఒక విద్యార్థిని దోషిగా నిలబెట్టడానికి నేను సిద్ధంగా లేను. దానికి బదులు వైవా. ప్రతి పెద్ద అసైన్‌మెంట్ తర్వాత పది నిమిషాలు మా సహాయకుల ముందు కూర్చుంటారు, మీ ఫైలే తెర మీద ఉంటుంది. ఈ లూప్, అంటే మళ్లీ మళ్లీ నడిచే ఈ భాగం, సున్నా నుంచి ఎందుకు మొదలైంది? ఇక్కడ ‘చిన్నది’ బదులు ‘చిన్నది లేదా సమానం’ అని పెడితే ఏమవుతుంది? ఈ ఫంక్షన్‌ను వెనక నుంచి లెక్కించేలా మార్చండి. అంతే. మీ పేరు మీద వచ్చిన ఏ లైనునైనా మీరు వివరించగలగాలి. ఇది ఇందాక చెప్పిన పరీక్షల షరతుకు కూడా జవాబు. 40కి 40 అసైన్‌మెంట్ మార్కులు తెచ్చుకున్న మనిషి నెట్‌వర్క్ లేని గదిలో ఒక లూప్ రాయలేకపోతే, ఆ 40 ఎవరివో నేను విచారించను. కోర్సు తప్పారని మాత్రం రాస్తాను.

విద్యార్థి: మేడం, నిజంగా ఏమీ తోచక ఆగిపోతే? యంత్రాన్ని అడగకూడదు, స్నేహితుల కోడ్ చూడకూడదు. మరేం చేయాలి?

న్యాయమైన ప్రశ్న. మా దగ్గరకు రండి. ప్రతి పనిదినం సాయంత్రం 5 నుంచి 9 వరకు ల్యాబ్‌లో సహాయకులుంటారు. వచ్చేముందు మూడు విషయాలు సిద్ధం చేసుకోండి: ఏమి ఇచ్చారు, ఏమి రావాలనుకున్నారు, ఏమి వచ్చింది. ‘పనిచేయడం లేదు’ అనేది ప్రశ్న కాదు, విలాపం. (నవ్వులు) ఎర్రర్ సందేశాన్ని చివరి దాకా చదవండి. చాలామంది ఎర్ర అక్షరాలు చూడగానే కళ్లు తిప్పుకుంటారు. అందులో లైను సంఖ్య ఉంటుంది. ఆ లైనులో తప్పు కనిపించకపోతే దాని పై లైను కూడా చూడండి, మూయని బ్రాకెట్ సంగతి కంప్యూటర్‌కు తరచుగా కింది లైనుకు వచ్చాకే తెలుస్తుంది. అప్పటికీ దొరకకపోతే, తప్పు మాయం కానంతవరకు ప్రోగ్రామ్‌లో ఒక్కో భాగం తీసేస్తూ రండి. అలా పది లైన్లకు తగ్గించేసరికి సగం మందికి జవాబు దొరికిపోతుంది, మిగతా సగం మంది మంచి ప్రశ్నతో వస్తారు. సహాయకులు మీకు కోడ్ చెప్పరు, ప్రశ్నలు వేస్తారు. అది విసుగు పుట్టిస్తుంది. వారికి అలా చేయమని నేనే చెప్పాను, కోపం నా మీద చూపండి.

మరో విద్యార్థిని: నాకు ఇదివరకే ప్రోగ్రామింగ్ వచ్చు మేడం. ఈ ల్యాబ్‌లన్నింటికీ రావాలా?

రెండో వారంలో ఒక మినహాయింపు పరీక్ష ఉంది. దాటితే పై కోర్సుకు వెళ్లిపోవచ్చు, నేనే సంతకం పెడతాను. దాటకపోతే రావాలి. ఇంకో మాట, మీకని కాదు, ఇదివరకే ప్రోగ్రామింగ్ వచ్చినవారందరికీ. మొదటి వారాల్లో తరగతిలో మీరు వేసే గంభీరమైన ప్రశ్నలు పక్కనున్న కొత్తవారిని భయపెడతాయి. అటువంటివి తరగతి అయ్యాక నన్ను అడగండి, సంతోషంగా మాట్లాడతాను. ఈ కోర్సుకు ముందస్తు పరిచయం అక్కర్లేదని పత్రంలో రాశాం, ఆ మాట మీద నిలబడే ఉద్దేశం నాకుంది.

మార్కుల మీద అభ్యంతరముంటే వారంలోగా రాతపూర్వకంగా ఇవ్వండి. మొత్తం ఫైలు మళ్లీ చూస్తాం. పెరగవచ్చు, తగ్గవచ్చు.

మొదటి అసైన్‌మెంట్ ఈ సాయంత్రం వస్తుంది. గడువు వచ్చే వారం గురువారం రాత్రి 9 గంటలు. అర్ధరాత్రి ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ల్యాబ్‌లో సహాయకులు ఉండేది 9 వరకే. మీరు పనిచేస్తున్న ఆఖరి నిమిషం దాకా అడగడానికి ఒక మనిషి ఉండాలని అలా పెట్టాం. మొదటి ల్యాబ్ రేపు, జట్ల జాబితా తలుపు మీద అంటించి ఉంది. వెళ్లేటప్పుడు చూసుకోండి.